విక్టరీకి బదులు ఏం రాయాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. సంక్రాంతికి మీ ఊళ్ళో జరిగిన కబడ్డీ పోటీల గురించి కాలేజీ మ్యాగజైన్‌కి ఇంగ్లీషులో ఒక పేజీ రాశారు. విక్టరీ అనే మాట తొమ్మిదిసార్లు పడిందని, మార్చి తెమ్మని మీ లెక్చరర్ గారు వెనక్కిచ్చారు. మీరు నిఘంటువు తీస్తే విన్, ట్రయంఫ్, కాంక్వెస్ట్, సక్సెస్, ల్యాండ్‌స్లైడ్, వాకోవర్, పిరిక్ విక్టరీ వరసగా కనబడ్డాయి. ఒక్కో చోట ఒక్కోటి పెట్టేస్తే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదండి. అలా పెడితే ఇప్పుడున్నదానికంటే చెడిపోతుంది. నేను కోనసీమలో డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెబుతాను. ఇలాంటి రిపోర్టులు ఏటా చూస్తుంటాను. విక్టరీ ఎక్కువైన ప్రతి పేజీలోనూ నాకు కనబడేది ఒకటే: క్రియ ఉండాల్సిన చోట నామవాచకం వచ్చి కూర్చుంటుంది. కాబట్టి ముందు వాక్యం మార్చాలి. అప్పుడు తొమ్మిది విక్టరీల్లో ఏడెనిమిది వాటంతటవే రాలిపోతాయి. మిగిలిన ఒకటి రెండిటికి ఏ మాట నప్పుతుందో అప్పుడు చూడొచ్చు.

మీరు రాసిన మొదటి రెండు వాక్యాలే తీసుకుందాం. "అవర్ టీమ్ గాట్ విక్టరీ ఆన్ ద ఆపోజిట్ టీమ్ విత్ త్రీ పాయింట్స్. దిస్ విక్టరీ ఈజ్ థర్డ్ విక్టరీ ఫర్ అవర్ విలేజ్." ఇందులో విక్టరీ తీసి ట్రయంఫ్ పెట్టినా, సక్సెస్ పెట్టినా బాగుపడదు. ఎందుకంటే దీని కింద ఒక తెలుగు వాక్యం ఉంది: "మా జట్టు అవతలి జట్టు మీద మూడు పాయింట్ల తేడాతో విజయం సాధించింది." మీద అన్నచోట ఆన్ వచ్చింది, తేడాతో అన్నచోట విత్ వచ్చింది, విజయం సాధించడం కాస్తా గాట్ విక్టరీ అయింది. నిజానికి అది మనం మాట్లాడే తెలుగు కూడా కాదు, పేపర్ల తెలుగు. బరి దగ్గర నిలబడి ఎవరూ "విజయం సాధించాం" అనరు కదా. "గెలిచాం" అంటాం, "నెగ్గాం" అంటాం, ఊపులో ఉంటే "కొట్టేశాం" అంటాం. ఇంగ్లీషులో ఆటల వార్త ఆ నోటిమాటకే దగ్గరగా ఉంటుంది.

అందుకే మొదటి వాక్యం ఇలా సరిపోతుంది: "వి బీట్ దెమ్ బై త్రీ పాయింట్స్." అంతే. విక్టరీ పోయింది, ఆన్ పోయింది, విత్ పోయింది.

ఈ బీట్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన పిల్లలు దీన్ని వాడటానికి జంకుతారు. బీట్ అంటే కొట్టడం అని చిన్నప్పుడు నేర్చుకున్నాం కాబట్టి, "అవతలి జట్టుని కొట్టాం" అన్నట్టు వినిపిస్తుందేమో అని భయం. ఆ భయం అక్కర్లేదు. ఆటలో ఎదుటివాళ్ళని ఓడించడానికి ఇంగ్లీషులో మొట్టమొదట నోటికొచ్చే క్రియ ఇదే. డిఫీట్ కూడా అదే అర్థం, కొంచెం పెద్దమనిషి తరహా. రిపోర్టులో రెండూ వాడొచ్చు. గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. బీట్‌కి భూతకాలం కూడా బీట్ అనే ఉంటుంది, బీటెడ్ అనే మాట లేదు. "ఓడిపోయిన జట్టు" అనాలంటే బీటెన్ టీమ్.

ఇక విన్. మన ప్రాంతంలోనే కాదు, తెలుగువాళ్ళు ఎక్కడున్నా ఎక్కువగా తడబడే చోటు ఇదే. తెలుగులో గెలవడం అనే క్రియ మ్యాచ్‌నీ తీసుకుంటుంది, మనిషినీ తీసుకుంటుంది. "ఫైనల్ గెలిచాం" అంటాం, "వాళ్ళని గెలవడం మన వల్ల కాదు" అని కూడా అంటాం. ఇంగ్లీషులో ఆ సౌకర్యం లేదు. విన్ పక్కన మ్యాచ్ రావొచ్చు, కప్పు, టాస్, సీటు, ఎన్నిక, కేసు, ప్రైజు రావొచ్చు. ఓడిపోయినవాడు రాకూడదు. "వి వన్ ద ఫైనల్" సరైనది. "వి వన్ దెమ్" అంటే ఓడించామనే అర్థం రాదు, వాళ్ళనే బహుమతిగా గెలుచుకున్నామన్న అర్థం వస్తుంది. బీట్‌కి లెక్క సరిగ్గా తిరగబడుతుంది. దాని పక్కన ఓడినవాడు ఉండాలి, మ్యాచ్ ఉండకూడదు. "వి బీట్ ద మ్యాచ్" అనేది లేదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మీ పేజీలో సగం ఎర్ర సిరా పోతుంది.

ఓడినవాళ్ళ పేరు చెప్పాలి, విన్ అనే క్రియే వాడాలి అనుకుంటే మధ్యలో అగెనెస్ట్ పెట్టండి. ఓవర్ మాత్రం పెట్టకండి. విన్ నామవాచకం అయితే "ఎ విన్ ఓవర్ మలేషియా" నిక్షేపంగా ఉంటుంది. క్రియ అయితే మాత్రం "విన్ ఓవర్" అంటే మనసు మార్చి తన వైపు తిప్పుకోవడం. "హి వన్ ఓవర్ ద ఎల్డర్స్" అంటే పెద్దల్ని ఓడించాడని కాదు, ఒప్పించాడని.

తేడా చెప్పడానికి ఎప్పుడూ బై. 3 పాయింట్లయినా, 5 వికెట్లయినా, ఎన్నికల్లో వెయ్యి ఓట్లయినా "బై" తోనే. మన "తేడాతో"లో "తో" ఉంది కాబట్టి విత్ రాసేస్తాం. అలాగే "వాళ్ళ చేతిలో ఓడిపోయాం" అనడానికి చేతుల ప్రస్తావన తేవక్కర్లేదు, "వి లాస్ట్ టు దెమ్" చాలు. ఇంకొకటి, ఇది పలకడంలో: విన్‌కి భూతకాలాన్ని వోన్ అని చదువుతుంటారు. అంకె ఒకటిని ఎలా పలుకుతామో అలాగే, వన్ అని పలకాలి. మ్యాగజైన్‌కి ఇది అవసరం లేదు గానీ, వార్షికోత్సవం రోజు మైకు ముందు చదవమంటే పనికొస్తుంది.

ఇప్పుడు మీరడిగిన అసలు సంగతికి వద్దాం: విన్, విక్టరీ, ట్రయంఫ్ మధ్య తేడా.

విన్ ఇంగ్లీషువాళ్ళ సొంత పాత మాట. పాత ఇంగ్లీషులో దాని మూలానికి కష్టపడటం, పోరాడటం అని అర్థం. విక్టరీ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. జయించడం అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి పుట్టింది. ఇన్విన్సిబుల్, కన్విన్స్ కూడా ఆ ఇంటివే. మనకి గెలుపు, విజయం ఎలాగో ఆ రెండూ అలాగ. గెలుపు ఇంటిమాట, విజయం సంస్కృతం నుంచి వచ్చి గౌరవంగా నిలబడ్డ మాట. కాకపోతే మన పేపర్లు లీగ్ మ్యాచ్‌కి కూడా విజయం అని రాసి రాసి దాని బరువు తగ్గించాయి. ఇంగ్లీషులో విక్టరీకి ఆ బరువు ఇంకా చాలావరకు మిగిలే ఉంది. యుద్ధం, ఎన్నిక, హక్కుల కోసం పోరాటం, ఏళ్ళ తరబడి నడిచిన కోర్టు వ్యవహారం, పెద్ద ఫైనల్ లాంటివాటికి అది నప్పుతుంది. లీగ్ మ్యాచ్‌కి విక్టరీ అంటే తప్పేమీ కాదు, క్రికెట్ వార్తల్లో కనబడుతూనే ఉంటుంది. కానీ ప్రతి మ్యాచ్‌కీ అదే అంటే అసలు ఫైనల్ వచ్చేసరికి అనడానికి ఏమీ మిగలదు.

దీనికి మన అమలాపురం కుర్రాడు సాత్విక్ ఆడిన పోటీ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 2022 మే నెలలో బ్యాంకాక్‌లో జరిగిన థామస్ కప్ తీసుకోండి, అది దేశాల మధ్య జరిగే మగవాళ్ళ బ్యాడ్మింటన్ జట్ల పోటీ. సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి, చిరాగ్ శెట్టి మన డబుల్స్ జోడీ. గ్రూపులో ఇండియా జర్మనీనీ, కెనడానీ 5-0తో ఓడించింది. చైనీస్ తైపీ చేతిలో 2-3తో ఓడింది. క్వార్టర్స్‌లో మలేషియాని, సెమీస్‌లో డెన్మార్క్‌ని 3-2తో దాటింది. మే 15న ఫైనల్లో, అప్పటికే 14 సార్లు కప్పు గెలిచిన ఇండొనీషియాని 3-0తో ఓడించింది. 1949లో మొదలైన ఈ పోటీలో మనం అంతకుముందు ఒక్కసారి కూడా ఫైనల్‌కి చేరలేదు.

ఇది ఇంగ్లీషులో రాయాలంటే నేనైతే ఇలా వెళ్తాను. గ్రూపు దశ చెప్పేటప్పుడు విన్: "టూ విన్స్ అండ్ ఎ లాస్ ఇన్ ద గ్రూప్." గెలుపోటముల పట్టిక లెక్క చెప్పడానికి అంతకంటే తేలికైన మాట లేదు. మలేషియా, డెన్మార్క్ దగ్గర బీట్ అనే క్రియతో నడిపిస్తాను: "బీట్ మలేషియా 3-2, దెన్ డెన్మార్క్ బై ద సేమ్ స్కోర్." సాత్విక్ జోడీ ఫైనల్ మ్యాచ్ 18-21, 23-21, 21-19. మొదటి గేమ్ పోయి, తర్వాత రెండూ రెండేసి పాయింట్లతో దక్కించుకున్న మ్యాచ్ అది. అక్కడ "కేమ్ ఫ్రమ్ బిహైండ్ టు విన్" అంటాను. వెనకబడి గెలిచారన్న సంగతి ఆ మాటల్లోనే వచ్చేస్తుంది, ఇంకే విశేషణమూ అక్కర్లేదు. 3-0తో ఇండొనీషియాని ఓడించిన ఘట్టం దగ్గర మాత్రం విక్టరీ అంటాను, అదీ ఒక్కసారే. మొత్తం ప్రయాణాన్ని, అంటే ఎప్పుడూ ఫైనల్ చూడని జట్టు కప్పు ఎత్తడాన్ని, ఒక్క మాటలో చెప్పాల్సి వస్తే అప్పుడు ట్రయంఫ్. ఇంత కథలో విక్టరీ ఒకటి, ట్రయంఫ్ ఒకటి. పేజీ ఎక్కడా బోసిగా ఉండదు.

ట్రయంఫ్ అనే మాట రోమ్ నుంచి వచ్చింది. యుద్ధం గెలిచి వచ్చిన సేనాపతికి సెనేట్ అనుమతిస్తే నాలుగు గుర్రాల రథం మీద ఊరేగింపు జరిగేది. ఆ ఊరేగింపు పేరు ట్రయంఫస్. అందుకే ఈ మాటలో గెలుపుతో పాటు సంబరం ఉంటుంది, జనం చూస్తున్నారన్న భావన ఉంటుంది. కష్టమైనదాన్ని, అసాధ్యమనుకున్నదాన్ని దాటామన్న అర్థం కూడా కాలక్రమంలో చేరింది. ఎదురుగా శత్రువు ఉండనక్కర్లేదు కూడా. జబ్బు మీద, పేదరికం మీద, మనలోని భయం మీద ట్రయంఫ్ ఉండొచ్చు. "ఎ ట్రయంఫ్ ఆఫ్" అని మొదలుపెట్టి ఒక విద్యనో గుణాన్నో పొగడొచ్చు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేయించిన ఆనకట్టని "ఎ ట్రయంఫ్ ఆఫ్ ఇంజినీరింగ్" అంటే మాట చక్కగా అమిరింది. 1833 కరువు చూసిన జిల్లాలో, ఇసుక పునాది మీద, నాలుగు పాయల గోదావరికి అడ్డంగా కట్టిన కట్ట అది. ఇక్కడ ట్రయంఫ్ తీసేసి విక్టరీ పెట్టి చూడండి. ఇంజినీరింగ్ ఎవరితోనో యుద్ధం చేసి గెలిచిందన్నట్టు ఉంటుంది, చెవికి నప్పదు.

ఇదే మాట నుంచి వచ్చిన రెండు విశేషణాలు చాలామంది కలిపేస్తారు. గెలిచినవాళ్ళ ముఖంలో కనబడే ఆనందానికి ట్రయంఫంట్. గెలుపు గుర్తుగా చేసే ఊరేగింపుకీ, కట్టే తోరణానికీ ట్రయంఫల్. మీ జట్టుని ట్రాక్టర్ మీద ఊరంతా తిప్పారని రాశారు కదా, ఆ ఊరేగింపు ట్రయంఫల్, బండి మీద కుర్రాళ్ళు ట్రయంఫంట్. మీ పేజీలో ఈ మాటకి న్యాయంగా చోటున్నది అక్కడే.

కాంక్వెస్ట్ మీకు అసలు వద్దు. అది ఒక నేలనీ, అక్కడి జనాన్నీ స్వాధీనం చేసుకోవడం. మన పక్కనే జరిగిన చరిత్రతో చెబుతాను. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ కర్నల్ ఫోర్డ్ సేన, విజయనగరం ఆనంద గజపతి రాజు సేన కలిసి ఫ్రెంచివాళ్ళని ఓడించాయి. అది విక్టరీ. 1759లో మచిలీపట్నం కోట పట్టుకున్నారు, అది క్యాప్చర్. సర్కారు జిల్లాలు ఇంగ్లీషువాళ్ళ పాలనలోకి రావడానికి 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం కూడా కావాల్సి వచ్చాయి. కాబట్టి ఈ మొత్తాన్ని కాంక్వెస్ట్ అనాలా వద్దా అన్నది చరిత్రకారులు ఆచితూచి తేల్చే విషయం. అంత బరువున్న మాటని కబడ్డీ బరి మీదికి తేకూడదు. శిఖరం ఎక్కినప్పుడు వాడతారు, "ద కాంక్వెస్ట్ ఆఫ్ ఎవరెస్ట్" అని. అదొక్కటీ మినహాయింపు అనుకోండి.

సక్సెస్ వేరే కుటుంబం. ఇందులో ఓడినవాడంటూ ఎవరూ ఉండరు. అనుకున్నది నెరవేరడం సక్సెస్. పరీక్షలో, వ్యాపారంలో, ఆపరేషన్‌లో, కొబ్బరి తోటలో అంతరపంటగా వేసిన కోకోలో సక్సెస్ ఉంటుంది. అక్కడ విక్టరీ కుదరదు. మన దగ్గర ఈఏపీసెట్‌లో (పాత ఎంసెట్‌లో) ర్యాంకు వచ్చిన పిల్లలకి కట్టే ఫ్లెక్సీల మీద "గ్రాండ్ విక్టరీ" అని కనబడుతుంది. ఆ పిల్ల ఎవరినీ ఓడించలేదు, చదివి సాధించుకుంది. దానికి సక్సెస్, అచీవ్‌మెంట్ ఉన్నాయి.

సక్సెస్‌ని మనం తెలుగులో క్రియలా వాడతాం: "సినిమా సక్సెస్ అయింది", "వాడు లైఫ్‌లో సక్సెస్ అయ్యాడు". తెలుగులో అది హాయిగా ఉంటుంది, తప్పు పట్టను. ఇంగ్లీషులోకి అలాగే దించితే మాత్రం "హి బికేమ్ సక్సెస్" అవుతుంది. "హి సక్సీడెడ్" అనాలి, లేదా "హి వాజ్ సక్సెస్‌ఫుల్". కార్యక్రమానికైతే ముందు "ఎ" మర్చిపోకండి: "ద టోర్నమెంట్ వాజ్ ఎ గ్రేట్ సక్సెస్." మీ చివరి పేరాలో "ద టోర్నమెంట్ వాజ్ గ్రాండ్ విక్టరీ" అని రాశారు చూడండి, అక్కడ కావాల్సింది ఇదే. టోర్నమెంట్ గెలవదు, బాగా జరుగుతుంది.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. ల్యాండ్‌స్లైడ్ ఎన్నికలకి. కొండచరియ విరిగిపడినట్టు ఓట్లన్నీ ఒకే వైపు పడటం. మీ ఫైనల్ 34-31, మూడు పాయింట్ల తేడాకి అది ఏ విధంగానూ కుదరదు, "న్యారో విన్" అనండి. వాకోవర్ అంటే అవతలి జట్టు రాకపోవడమో తప్పుకోవడమో. గుర్రప్పందాల్లో బరిలో ఒక్క గుర్రమే మిగిలితే అది నడుచుకుంటూ గమ్యం దాటినా గెలిచినట్టే, అక్కడి నుంచి వచ్చింది. సులభంగా గెలిచినా వాకోవర్ అంటుంటారు, ఇంగ్లీషువాళ్ళూ అంటారు. రిపోర్టులో మాత్రం అలా వాడొద్దు, అవతలివాళ్ళు అసలు ఆడలేదనుకుంటారు. మీ రెండో రౌండులో ఒక జట్టు పడవ దొరక్క సమయానికి రాలేదని రాశారు. అక్కడ వాకోవర్ అచ్చంగా సరిపోతుంది: "వి గాట్ ఎ వాకోవర్ ఇన్ ద సెకండ్ రౌండ్."

పిరిక్ విక్టరీ నాకు చాలా ఇష్టమైన మాట, అందుకే దాన్ని వృథాగా వాడితే బాధ. ఎపిరస్ రాజు పిరస్ క్రీస్తుపూర్వం 279లో ఆస్కులం దగ్గర రోమన్ల మీద గెలిచాడు, కానీ తన సేనలో, సేనానుల్లో ఎంతోమందిని పోగొట్టుకున్నాడు. పోయినవాళ్ళ చోటు నింపుకోవడానికి రోమన్లకి మనుషులున్నారు, ఇతనికి లేరు. గెలిచి కూడా నష్టపోయిన గెలుపుకి అతని పేరే మిగిలింది. డెల్టాలో దీన్ని వివరించడానికి రోమ్ దాకా పోనక్కర్లేదు. గట్టు తగాదా మీద కోర్టుకెళ్ళి, ప్లీడరు ఫీజులకి ఆ పొలమే అమ్ముకున్న కుటుంబాలు మనకి తెలుసు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని మన పెద్దలు చెప్పేది ఆ గెలుపు గురించే. మీ ఫైనల్లో మీ రైడర్ మోకాలు మడతపడి నెలరోజులు మంచం మీద ఉన్నాడన్నారు. అది బాధే గానీ పిరిక్ కాదు. ఆ గెలుపు వల్ల జట్టే ఆడలేని స్థితికి వస్తే అప్పుడు ఆలోచించాలి. దీనికి తిరుగుడు మోరల్ విక్టరీ: ఓడినా తలెత్తుకునేలా ఆడటం. అది ఓడినవాళ్ళు చెప్పుకోవాల్సిన మాట. మూడు పాయింట్లతో ఓడిన ఎదుటి జట్టుకి మీరు ఇవ్వాలనుకుంటే మర్యాదగానే ఉంటుంది, మీ జట్టుకి మాత్రం వాడకండి.

క్రియల్లో ఇంకో రెండు మీకు పనికొస్తాయి. ఎడ్జ్ అంటే కొద్దిలో ఓడించడం, దాని పక్కన ఓడినవాళ్ళు రావాలి. క్లించ్ అంటే చివరికి ఖాయం చేసుకోవడం, దాని పక్కన టైటిలో, గెలుపో రావాలి. "ఎ లేట్ ట్యాకిల్ క్లించ్‌డ్ ద టైటిల్" అన్నట్టు. థ్రాష్, హ్యామర్ లాంటివి పెద్ద తేడాకి. 34-31కి కాదు, మీ మొదటి రౌండుకి వాడుకోవచ్చు. ఒక పేజీలో ఇవన్నీ దట్టించకండి. ఒకే మాట రెండోసారి వచ్చిందని చదివేవాళ్ళు విసుక్కోరు. వన్, బీట్ పదిసార్లు వచ్చినా కంటికి అడ్డు రావు, అవి అంత మామూలు మాటలు. విక్టరీ లాంటి బరువైన మాట మళ్ళీ మళ్ళీ వస్తేనే కనబడుతుంది. మీ లెక్చరర్ గారి కంటికి తగిలింది కూడా అదే అయ్యుంటుంది.

ఇక మీ పేజీ. మొదటి రెండు వాక్యాలని ఇలా కలపండి: "వి బీట్ అవర్ ఆపొనెంట్స్ 34-31 ఇన్ ద ఫైనల్. ఇట్ వాజ్ అవర్ విలేజ్‌స్ థర్డ్ టైటిల్." ఆపోజిట్ టీమ్ అనకండి, ఎదురింటికి ఆపోజిట్ హౌస్ అంటారు గానీ ఎదుటి జట్టుకి ఆపొనెంట్స్ అంటారు. రెండో రౌండులో వాకోవర్, ఊరేగింపు దగ్గర ట్రయంఫల్, చివర్లో సక్సెస్. విక్టరీ ఒక్కటి ఉంచుకోండి. ఎక్కడంటే, మీ ఊరి ఆడపిల్లల జట్టుకి మొదటిసారి పోటీలో చోటిప్పించడానికి పెద్దలతో మాట్లాడి ఒప్పించారని మూడో పేరాలో ఒక్క వాక్యంలో దాటేశారు చూడండి, అక్కడ. "ఫర్ ద గర్ల్స్, జస్ట్ గెటింగ్ టు ప్లే వాజ్ ఎ విక్టరీ" అనండి. ఆ వాక్యాన్ని నాలుగు వాక్యాలు చేస్తే ఇంకా బాగుంటుంది, ఎవరు అడిగారు, ఎవరు కాదన్నారు, చివరికి ఎవరు ఊఁ అన్నారు రాయండి.

హెడ్డింగ్‌కి కూడా విక్టరీ అక్కర్లేదు. ఇంగ్లీషు పేపర్లు జరిగిపోయినదాన్ని కూడా హెడ్డింగులో వర్తమాన కాలంలోనే రాస్తాయి. మీ ఊరి పేరు పెట్టి, ఎడ్జ్ అనే క్రియ పెట్టి, అవతలి ఊరి పేరు పెట్టి, చివర "ఇన్ ఫైనల్" అనండి. ఊరి పేరుని జట్టులోని మనుషులుగా, అంటే బహువచనంగా తీసుకుంటే ఎడ్జ్. ఒకే జట్టుగా ఏకవచనం అనుకుంటే ఎడ్జెస్. రెండూ చెల్లుతాయి. హెడ్డింగులో ఒకటి, లోపల ఇంకొకటి మాత్రం పెట్టకండి.